ఫిన్నీ పోయింది, కాణీ ఉంది

బేడ, పావలా, అర్ధ, ముప్పావలా. మా నాయనమ్మ లెక్క ఈ మెట్లన్నీ ఎక్కాకే రూపాయికి చేరేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, చట్టంలో అణాల లెక్క ముగిసింది. నాయనమ్మ నోట్లో మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ సాగింది. డిజిటల్ నాణేల చిల్లర పేర్లు చదువుతుంటే నాకు ఆ మెట్లే గుర్తొస్తున్నాయి.

బిట్‌కాయిన్‌లో అన్నిటికంటే చిన్న ముక్క సతోషి. ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు. 2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్ ఊహను లోకం ముందు పెట్టి, ఆ తర్వాత ఎవరికీ జాడ చిక్కని సతోషి నకమోటో పేరది. కంప్యూటరు లోపల లెక్కంతా సతోషీల్లోనే నడుస్తుంది, బిట్‌కాయిన్ అన్నది మన కంటికి చూపే అంకె. 0.00000546 అని రాస్తే సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. 546 సతోషీలంటే బడికెళ్లే పిల్లవాడికీ అర్థమవుతుంది. నోటితో పలకలేని ధరను ఎవరూ బేరమాడలేరు.

ఈథర్ అనే మరో డిజిటల్ నాణేన్ని ఇంకా సన్నగా తరిగారు. ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే ఎన్నో, ఒక ఈథర్‌కు అన్ని వెయ్‌లు. 1998లోనే బి-మనీ అనే డిజిటల్ డబ్బు ఆలోచన రాసిపెట్టిన వెయ్ దాయ్ పేరది. ఈథర్‌లో పది లక్షలో వంతుకు, బిట్ గోల్డ్ అనే డిజిటల్ సొమ్మును ఊహించిన నిక్ సాబో పేరు పెట్టారు. వెయ్యో వంతుకు హాల్ ఫిన్నీ పేరు. 2009 జనవరి 12న సతోషి నుంచి పది బిట్‌కాయిన్లు అందుకున్నది ఈ ఫిన్నీయే. కండరాలను కబళించే ఏఎల్ఎస్ జబ్బుతో 2014లో కన్నుమూశాడు.

ఈథర్‌తో నడిచే ఒప్పందాల ప్రోగ్రాములు రాసే సాలిడిటీ భాష 2020లో 0.7 వెర్షన్‌కు వచ్చినప్పుడు ఫిన్నీ, సాబో అన్న కొలతలను తీసేసింది. అదే వెర్షన్‌లో గ్వెయ్‌ను చేర్చింది. గ్వెయ్ అంటే వంద కోట్ల వెయ్‌లు. లావాదేవీ రుసుము రోజూ గ్వెయ్‌లలో చెప్పుకుంటారు కాబట్టి అది నిలిచింది. ఫిన్నీల్లో లెక్క చెప్పుకునేవారు అరుదు. ఆ మనిషిని తలచుకుంటే ఈ సంగతి నాకు కష్టంగానే ఉంటుంది. కానీ మాట తీరే అంత. గౌరవంతో పేరు పెట్టగలం, నలుగురి నోళ్లలో నానబెట్టలేం.

మన చిల్లరలో కాణీ ఏ మహానుభావుడి పేరూ కాదు. అరవైనాలుగో వంతుకు లెక్కల్లో ఉన్న మాట, రూపాయిలో అరవైనాలుగో వంతైన నాణానికీ అదే అయింది. పదహారో వంతు వీసం. నాలుగేసి వంతులుగా చీలే ఈ భిన్నాలకు తెలుగులో విడిగా గుర్తులే ఉండేవి, 2008లో అవి యూనికోడ్‌లోనూ చేరాయి. బిట్‌కాయిన్ ప్రకటన వచ్చిందీ ఆ ఏడాదే. గవ్వ చెల్లుబాటు ఏనాడో పోయింది, అయినా చేతిలో డబ్బు లేనివాడు ఇవాళ్టికీ చిల్లిగవ్వ లేదనే అంటాడు.

2022 డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు సామాన్యుల కోసం ఈ-రూపాయిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు, చేతిలో ఆడే నోట్లు, నాణేల విలువలనే దానిలోనూ ఉంచింది. నాకు నచ్చిన నిర్ణయమది. కొత్త సొమ్ము పాత పేర్లతో వస్తే ముసలివాళ్లు కూడా జంకకుండా చేయి చాపుతారు.

ఫోన్లలోని డబ్బు సంచులను తెలుగు చేస్తున్న యువకులకు ఈ పేర్ల అవసరం త్వరలోనే పడుతుంది. కాబట్టి పాఠకులను ఒకటి అడుగుతున్నాను. దమ్మిడీ, దుగ్గాణి, పరక, ఏగాణి... మీ ఇంటి పెద్దలు ఏ చిల్లరను ఏమని పిలిచేవారో, దానితో ఏం కొనేవారో రాసి పంపండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటికే కేటాయిస్తున్నాం.