మరణాసన్న అనుభవాలపై సర్వసభ్య సమావేశ తీర్మానం

గుండె ఆగి తిరిగి కొట్టుకున్న మనిషి కళ్లు తెరిచాక చెప్పే మాటలను ఆసుపత్రి మంచం దగ్గర ఎలా వినాలి, వాటి నుంచి ఏం అర్థం చేసుకోవాలి అన్న విషయంపై నిజామాబాద్ పట్టణం, బోధన్, ఎడపల్లి, రెంజల్ ప్రాంతాల నుంచి వచ్చిన వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, చెరుకు రైతులతో నిజామాబాద్‌లో జరిగిన ఈ సమావేశం సుదీర్ఘంగా చర్చించి ఈ తీర్మానం చేసింది.

ఇలాంటి మరణాసన్న అనుభవం చెప్పేవారు అబద్ధం ఆడటం లేదని సమావేశం మొట్టమొదట ప్రకటిస్తున్నది. నెదర్లాండ్స్‌లో గుండె ఆగి బతికిన 344 మందిని పిమ్ వాన్ లోమెల్ బృందం అడిగితే, 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు. 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చూడాలి. అనుభవం కలిగినవారు తక్కువేమీ కాదు. కానీ అందరి మెదడుకూ రక్తం ఆగినా ఎక్కువమందికి ఏ అనుభవమూ లేదు. కాబట్టి ఆక్సిజన్ అందకపోవడం ఒక్కటే కారణమని తేల్చేయడం తొందరపాటు అవుతుంది.

మన దేశపు అనుభవాల గురించి నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనాన్ని సమావేశం ప్రత్యేకంగా పరిశీలించింది. ఉత్తర భారతంలోని 16 మంది కథనాలవి. పాశ్చాత్యులు ఎక్కువగా చెప్పే సొరంగం వాటిలో లేదు. భటులు వచ్చి తీసుకుపోయారు, చిట్టా పట్టుకున్న మనిషి ముందు నిలబెట్టారు, ఆయన పేజీ తిప్పి ‘మీరు తెచ్చింది ఇతన్ని కాదు’ అన్నాడు, వెనక్కి పంపారు. మన ఇళ్లలో పెద్దలు చెప్పే కథలు విన్న ఎవరికైనా ఆ చిట్టా ఎవరిదో వెంటనే తెలుస్తుంది. ధర్మపురిలో యమధర్మరాజు గుడికి వెళ్లి గండదీపంలో నూనె పోసి వచ్చే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న బొమ్మే ఆపద వేళ కళ్ల ముందుకు వస్తున్నదని, అమెరికావాసికి చిత్రగుప్తుడు కనిపించకపోవడానికి కారణం అదేనని సమావేశం భావిస్తున్నది. ఈ మాట ఎవరి భక్తినీ తక్కువ చేయడానికి కాదు. అనుభవంలోని ఆకారాలు జ్ఞాపకం నుంచి వస్తాయన్న వాదానికి ఇంతకన్నా బలమైన ఆధారం మా చర్చలో మరొకటి కనిపించలేదు.

మెదడు వైపు నుంచి ఉన్న ఆధారాలనూ సభ్యులు పరిశీలించారు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో జిమో బోర్జిగిన్ బృందం 2013లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో, గుండె ఆగిన మొదటి 30 సెకన్లలో మెదడు విద్యుత్ తరంగాలు ఆగిపోకుండా, కొన్ని ఉధృతంగా పెరిగాయి. అదే బృందం 2023లో వెంటిలేటర్ తీసేసిన నలుగురు రోగులను పరిశీలిస్తే ఇద్దరిలో అలాంటి ఉధృతి కనిపించింది. ఆ ఇద్దరూ మరణించారు గనుక, ఆ క్షణంలో వారికి ఏం తోచిందో అడిగే వీలు లేకపోయింది. మూర్ఛ రోగి మెదడులో ఒకచోట విద్యుత్ తాకిస్తే తన శరీరాన్ని పైనుంచి చూస్తున్నట్టు అనిపించిందని ఓలాఫ్ బ్లాంకె బృందం 2002లోనే తెలిపింది.

ఆత్మ నిజంగా పైకి లేచి చూస్తుందా అన్నది పరీక్షించడానికి సామ్ పార్నియా బృందం ఆసుపత్రి గదుల్లో పైకప్పు దగ్గర అరలు కట్టి, పైనుంచి చూస్తేనే కనిపించే బొమ్మలు పెట్టింది. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో 2,060 గుండె ఆగిన ఘటనలు ఉన్నాయి. ఎవరూ బొమ్మ చెప్పలేదు. అయితే చుట్టూ జరిగినది చూశామన్నవారికి గుండె ఆగింది అరలు లేని గదుల్లో. అందుచేత ఆ పరీక్ష పూర్తి కానట్టే. 2023లో వెలువడిన రెండో విడతలో ఇంటర్వ్యూ ఇచ్చిన 28 మందిలో ఎవరూ బొమ్మ గుర్తించలేదు. చెవిలో వినిపించిన మూడు పండ్ల పేర్లను మాత్రం ఒకరు చెప్పగలిగారు.

ఈ ఒక్క ఫలితాన్ని జిల్లాలోని ప్రతి ఎమర్జెన్సీ వార్డు గోడ మీద రాసి పెట్టాలని సమావేశం కోరుతున్నది. ఛాతీ నొక్కుతున్నప్పుడు రోగికి వినపడుతూ ఉండవచ్చు. ‘అయిపోయింది’, ‘ఇంక లాభం లేదు’ అన్న మాటలు ఆ మంచం దగ్గర ఎవరి నోటా రాకూడదు.

మరి ఈ అనుభవాలన్నీ భ్రాంతులేనా? 2015లో కల్తీ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు భ్రాంతి అంటే ఏమిటో ఈ జిల్లా దగ్గరగా చూసింది. అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్లుకు అలవాటు పడినవారు వణుకుతూ, ఫిట్స్‌తో, ఎదుట లేని మనుషులతో మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. పురుగుల మందు విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదు ఎక్కువైన రోగి గాలిలో దేన్నో ఏరుతుంటాడు, దుప్పటి పోగులు లాగుతుంటాడు, కన్నకొడుకును గుర్తుపట్టడు. తేరుకున్నాక ఆ రాత్రి అతనికి సరిగా గుర్తుండదు. మరణాసన్న అనుభవం ఇలా ఉండదు. మొదలూ చివరా ఉన్న కథలా వస్తుంది, ఏళ్ల తరబడి మసకబారదు, చావు భయాన్ని తగ్గిస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వైద్యపరంగా పొరపాటని సమావేశం నిర్ణయించింది.

‘అంతా భ్రాంతే’ అని రాయాలన్న సవరణ, ‘పరలోకానికి రుజువు దొరికింది’ అని రాయాలన్న సవరణ, రెండూ వీగిపోయాయి. ఈ అనుభవం బతికి ఉన్న మెదడు పనేనని, గుండె ఆగిన తర్వాత కూడా మెదడు కణాలు కొన్ని నిమిషాలు బతికే ఉంటాయని, చెప్పడానికి తిరిగి వచ్చిన ఎవరూ పూర్తిగా మరణించినవారు కారని సమావేశం తీర్మానిస్తున్నది. మెదడులోని విద్యుత్ తరంగాలు అంత స్పష్టమైన అనుభవంగా ఎలా మారుతున్నాయన్నది ఇంకా తేలవలసిన ప్రశ్నగా నమోదు చేస్తున్నది. ఇది చాలదన్న సభ్యుల అసమ్మతిని కూడా మినిట్స్‌లో చేర్చాలి.

అవయవదానం విషయంలో సమావేశం గట్టిగా చెబుతున్నది. ‘చచ్చి బతికినవాళ్లు ఉన్నారు కదా, మావాడూ లేస్తాడేమో’ అన్న ఆశతో వెంటిలేటర్ పక్కన కూర్చునే తల్లిదండ్రుల బాధ మాకు తెలుసు. కానీ గుండె ఆగడం వేరు, బ్రెయిన్ డెత్ వేరు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం వైద్యుల బృందం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాకే బ్రెయిన్ డెత్ అంటారు. ఈ అనుభవాలు చెప్పినవారు ఆ స్థితి నుంచి వచ్చినవారు కారు. అవయవదాన పథకం జీవన్‌దాన్ గురించి ఇంటివారితో మాట్లాడే సిబ్బంది ఈ తేడాను ఓపికగా, వారి భాషలో, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వివరించాలి.

రోగి తన అనుభవం చెబితే వెటకారం చేయకుండా, ఒప్పుకోమని ఒత్తిడి చేయకుండా విని, అతని మాటల్లోనే కేస్ షీట్‌లో రాయాలి. అతని అనుమతి లేకుండా వీడియో తీయడం, దాన్ని చూపి పూజల పేర డబ్బు గుంజడం జరిగితే సమావేశం బహిరంగంగా వ్యతిరేకిస్తుంది.

అనుభవం చెప్పాలంటే ముందు మనిషి బతకాలి. చెరుకు పొలాల్లో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ తగిలి గుండె ఆగిన రైతుకు 108 వచ్చేదాకా ఆగేంత వ్యవధి ఉండదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ముందు కరెంటు ఆపడం, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కడం ప్రతి ఊళ్లో కొందరికైనా వచ్చి ఉండాలి. ఈ సీజన్ చెరుకు నరుకుడు మొదలయ్యేలోపు బోధన్ డివిజన్ గ్రామాల్లో సీపీఆర్ శిక్షణ పెట్టాలని, అందుకు సభ్యులైన వైద్యులు, నర్సులు వంతులవారీగా వెళ్లాలని సమావేశం తీర్మానించింది. తీర్మానం ప్రతులను జిల్లా వైద్యాధికారికి, ప్రభుత్వ వైద్య కళాశాలకు, గ్రామ పంచాయతీలకు పంపాలి.