వైర్‌మన్ పర్మిటుకు ఎన్ని సరిహద్దులు?

న్యాయవాది దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలో రాసిన ఈ హక్కును అమలులోకి తేవడానికి ఢిల్లీకి అర్ధశతాబ్దం పట్టింది. అయినా 2011 జూన్ 15 నుంచి తెచ్చింది. లారీ డ్రైవరు విజయవాడలో పుచ్చుకున్న లైసెన్సు గౌహతిలోనూ చెల్లుతుంది. ఇళ్లకూ కర్మాగారాలకూ తీగలు బిగించే వైర్‌మన్‌కు మాత్రం ఈ దేశం ఒక దేశం కాదు.

జంషెడ్‌పూర్ సంగతి చూడండి. 1912లో తొలి ఉక్కు తీసిన ఈ ఊరికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడిపోయాయి. ఒకవైపు ఒడిశా, మరొకవైపు బెంగాల్ దగ్గరలోనే ఉన్నాయి. తెలుగువారు దండిగా ఉన్న రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు ఒక పూట కూడా పట్టదు. అదే ఉక్కు కంపెనీ ఒడిశాలోని కళింగనగర్‌లో మరో కర్మాగారం పెట్టింది. పని ఉన్న చోటికి పనివాడు పోవడం సహజం. కానీ జార్ఖండ్ ఇచ్చిన పర్మిటు చేతిలో ఉన్నంత మాత్రాన అతడు ఒడిశాలో తీగ ముట్టుకోరాదు. ఆ రాష్ట్రం దానిని గుర్తించాలి, లేదా తానే కొత్తది ఇవ్వాలి. సూపర్‌వైజర్ యోగ్యతా పత్రానికీ, కాంట్రాక్టర్ లైసెన్సుకూ ఇదే తంతు.

ఈ సరిహద్దులైనా శాశ్వతమైనవా? నది కావలి ఒడ్డునున్న సెరాయికేలా 1948 జనవరిలో ఒరిస్సాలో కలిసి, మే నెలలోనే బీహారుకు మారింది. పురూలియా 1956లో బీహారు నుంచి బెంగాల్‌కు పోయింది. 2000 నవంబరు 15న జంషెడ్‌పూరే బీహారు నుంచి విడివడి జార్ఖండ్ పాలయింది. ఏ గెజిట్ ప్రకటనతోనూ ఎర్త్ తీగ బిగించే పద్ధతి మారలేదు.

రాష్ట్రాల వాదనను తోసిపుచ్చడానికి వీల్లేదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో ఏటా పదివేల మందికి పైగా విద్యుదాఘాతానికి బలయ్యారు. దొంగ సర్టిఫికెట్లు కొనుక్కునే దేశంలో, ఎక్కడో ఇచ్చిన కాగితాన్ని కళ్లు మూసుకొని నమ్మమనడం భావ్యం కాదు. అయితే, తీగలకు సంబంధించిన భద్రతా ప్రమాణాలు అన్ని రాష్ట్రాలకూ ఒకటే. వాటిని నిర్దేశించేది 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ. ప్రమాణం ఢిల్లీదీ, పరీక్ష మాత్రం ఎవరిది వారిదీనా?

మందు పాత పుస్తకంలోనే ఉంది. 1956 నాటి విద్యుత్ నియమాలలో 45వది, పర్మిటు రాష్ట్ర ప్రభుత్వం “జారీచేసినది లేక గుర్తించినది” కావాలన్నది. 2010 నిబంధనలలోకి కూడా ఆ మాట అలాగే దిగింది. ఆ “గుర్తించిన” అన్న మాట నేటికీ రాష్ట్రాల దయాదాక్షిణ్యంగానే మిగిలింది. 2023లో నిబంధనలను కొత్తగా రాసినా రాష్ట్రాల వారీ లైసెన్సు పద్ధతి పోలేదు. తన పనుల విషయంలో ఢిల్లీకి ఈ ఇబ్బంది తెలియకపోలేదు: కేంద్ర ప్రభుత్వ పనులకు, గనులకు, రైల్వేలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని 2010లో తన దగ్గరే అట్టిపెట్టుకున్నది!

ఆస్ట్రేలియా 1992లోనే పరస్పర గుర్తింపు చట్టం చేసి, ఒక రాష్ట్రంలో నమోదైన వృత్తిపనివాడికి మరొక రాష్ట్రంలో అదే వృత్తికి నమోదు హక్కు కల్పించింది. మనమూ గుర్తింపును రాష్ట్రాల విధిగా చేయవచ్చు. లైసెన్సు బోర్డులన్నీ తమ రిజిస్టర్లను ఒకచోట ఉంచితే, కళింగనగర్ అధికారి రాంచీ కాగితాన్ని అక్కడికక్కడే సరిచూడగలడు. తప్పు చేసినవాడి పర్మిటును ఏ రాష్ట్రం రద్దు చేసినా అన్ని చోట్లా రద్దయ్యే ఏర్పాటు ఉంటే, భద్రత ఇప్పటికంటె పెరుగుతుంది కాని తగ్గదు.

ఇన్నేళ్లుగా ఎందుకు జరగలేదు? ఐ.టి.ఐ. పత్రం కార్మిక శాఖ సొత్తు, పర్మిటు నియమం విద్యుత్ శాఖది. చాలాకాలం ఈ రెండు శాఖలూ రఫీ మార్గ్‌లోని శ్రమశక్తి భవన్‌లోనే కొలువున్నాయి. ఒక అంతస్తు నుంచి మరొక అంతస్తుకు ఫైలు వెళ్లడం కన్నా జంషెడ్‌పూర్ నుంచి కార్మికుడు ఒడిశా వెళ్లడమే సులభమన్నమాట. 2015 తర్వాత శిక్షణ వ్యవహారం నైపుణ్యాభివృద్ధి శాఖకు బదిలీ అయి, ఫైలుకు మరొక గుమ్మం తోడయింది.

జంషెడ్‌పూర్ తెలుగువాడి ఓటు మన ఎంపీలకు పడదు గనుక వారికి ఈ గోడు పట్టకపోవచ్చు. అయితే 2014 జూన్ 2 నుంచి మధిర వైర్‌మన్‌కు నందిగామ కూడా పరరాష్ట్రమే. ఈ రెండు ఊళ్ల ఎంపీలైనా విద్యుత్ మంత్రిని లోక్‌సభలో ఒక ప్రశ్న అడగవచ్చు.