మారాల్సింది నడుము కాదు, ర్యాకు

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు చుట్టుపక్కల గోదాముల్లో చాలాచోట్ల గోడకు ఒక పోస్టర్ కనిపిస్తుంది. నడుము వంచి పెట్టె ఎత్తుతున్న మనిషికి ఎర్ర గుర్తు. మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా పెట్టి ఎత్తుతున్న మనిషికి పచ్చ గుర్తు. అరల నుంచి సరుకు తీసే పనికి కొత్తగా చేరిన పికర్‌కు మొదటిరోజు ఈ పాఠం చెప్పి, చేతికి స్కానర్ ఇచ్చి, గంటకు ఇన్ని సరుకులు తీయాలని టార్గెట్ పెడతారు. కొన్ని వారాలకు ఆ కుర్రాడు నడుము పట్టేసిందని కూలబడితే సూపర్‌వైజర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “నేర్పినట్టు ఎత్తి ఉంటే ఇలా అయ్యేదా?”

గాయానికి కారణం ఎత్తే తీరు, దానికి మందు శిక్షణ, అంతకుమించి ఏం చేసినా పని నెమ్మదించి ఖర్చు పెరుగుతుంది. యాజమాన్యాలు, కాంట్రాక్టర్లు, భద్రతాధికారులు మాత్రమే కాదు, నొప్పి పడుతున్న పికర్లు కూడా చాలామంది ఇదే నమ్ముతున్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదు.

ముందు శిక్షణ సంగతి చూద్దాం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. ఆసుపత్రి సిబ్బంది మీద, విమానాశ్రయాల్లో సామాన్లు మోసేవారి మీద, తపాలా ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ అది ఒకచోట చేర్చి పరిశీలించింది. ఎత్తే పద్ధతి నేర్పితే నడుము నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. నడుము బెల్టుల సంగతీ అంతే. వృత్తి ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 160 దుకాణాల్లో సరుకు ఎత్తి దించే తొమ్మిది వేల మందికి పైగా సిబ్బందిని గమనించి 2000లో ఫలితాలు ప్రకటించింది. బెల్టు రోజూ పెట్టుకున్నవారికీ, పెట్టుకోనివారికీ గాయాల్లో తేడా కనిపించలేదు. అయినా మన గోదాముల్లో భద్రత పేరిట బడ్జెట్ పెడితే మొదట కొనేది బెల్టులే.

శిక్షణ ఎందుకు పనిచేయదో ర్యాకు ముందు నిలబడితే తెలుస్తుంది. సరుకు అడుగు వరుసలో, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ముందు వరుస పెట్టెలు అయిపోయాయి, మిగిలినవి లోపలికి ఉన్నాయి. పై వరుస దూలం సరిగ్గా తలకు తగిలే చోట ఉంది. మోకాళ్లు మడిచి కూర్చుంటే ఆ మోకాళ్లే ర్యాకుకు అడ్డుపడతాయి, చేయి లోపలికి అందదు. పోస్టర్‌లో పచ్చ గుర్తు ఉన్న భంగిమకు అక్కడ చోటే లేదు. చోటున్న దగ్గర కూడా షిఫ్టులో వందలసార్లు గొంతుకూర్చుని లేవడం తొడలకు, మోకాళ్లకు సాధ్యమయ్యే పని కాదు. మధ్యాహ్నానికల్లా అందరూ నడుము వంచే తీస్తారు. అది క్రమశిక్షణ లోపం కాదు. ర్యాకు వాళ్లకు వదిలిన దారి అదొక్కటే.

బరువు ఒక్కటే ప్రమాదాన్ని నిర్ణయించదని నియోష్ 1990ల తొలినాళ్లలోనే ఒక లెక్క కట్టి చూపింది. సరుకు నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా, గట్టి పట్టు దొరికేలా ఉండి, ఎప్పుడో ఒకసారి ఎత్తితే సరిపోయే పనైతే 23 కిలోల వరకు ఫర్వాలేదు. ఈ షరతుల్లో ఒక్కొక్కటి తప్పినకొద్దీ ఆ పరిమితి కోసుకుపోతుంది. 14 కిలోల నూనె ప్యాకెట్ల అట్టపెట్టెకు దీన్ని వర్తింపజేద్దాం. పెట్టె నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, ఒంటికి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దాన్ని లేపి, సగం పక్కకు తిరిగి, నడుము ఎత్తున్న ట్రాలీలో పెట్టాలి. ఇలా నిమిషానికి ఒకటి చొప్పున షిఫ్టంతా ఎత్తాలి. అప్పుడు పరిమితి ఆరు కిలోల లోపుకు పడిపోతుంది. అంటే ఆ పికర్ మోయదగిన దానికి దాదాపు రెండున్నర రెట్లు మోస్తున్నాడు. ఇదే పెట్టెను నడుము ఎత్తు అరలో, అంచుకు దగ్గరగా ఉంచి, ట్రాలీని ఎదురుగా నిలిపితే పరిమితి 14 కిలోలు దాటుతుంది. పెట్టె అదే, మనిషి అతనే, వేగమూ అదే. చోటు మారేసరికి ప్రమాదకరమైన పని చేయదగిన పనైంది. ఏ శిక్షణ ఇంత మార్పు తేగలదు?

ఇక వేగం విషయం. మనిషి ఒంటికి హాయి కలిగిస్తే పని కుంటుపడుతుందన్నది ఈ నమ్మకంలో అన్నిటికన్నా మొండి భాగం. పికర్ సమయం ఎక్కడ ఖర్చవుతుందో గోదాము నిర్వహణ పాఠ్యపుస్తకాలు ఏనాడో చెప్పాయి. దాదాపు సగం నడకకు పోతుంది. ఐదో వంతు వెతుకులాటకు పోతుంది. చేత్తో సరుకు తీసే పనికి పట్టేది ఆరో వంతు కూడా ఉండదు. గంటకు ఇన్ని తీయాలన్న టార్గెట్ మాత్రం ఆ చిన్న ముక్క మీదే కొరడా ఝళిపిస్తుంది. నడక తగ్గించాల్సింది గోదాము అమరికను గీసినవారు. వెతుకులాట తగ్గించాల్సింది లేబుళ్లు, దీపాలు, సరుకుల వరుస నిర్ణయించినవారు. ఇద్దరి వైఫల్యాన్నీ పికర్ భుజాలు, మణికట్లు పూడ్చాలంటున్నాం.

చేయాల్సిన పనులు అంతు చిక్కనివేమీ కావు. వంటింట్లో రోజూ వాడే ఉప్పు డబ్బాను ఎవరూ అటక మీద పెట్టరు. గోదాముకూ అదే తెలివి చాలు. ఎక్కువగా పోయే సరుకు, బరువైన సరుకు నడుము నుంచి భుజం మధ్య అరల్లో ఉండాలి. తేలికైనవి పైన, అరుదుగా అడిగేవి అడుగున ఉండాలి. రోలర్లున్న వాలు ర్యాకులైతే ముందు పెట్టె తీయగానే వెనకది దానంతటదే అంచుకు జారుతుంది, లోపలికి వంగే అవసరం పోతుంది. సరుకు పేర్చే చెక్క పాలెట్ కింద రెండు ఖాళీ పాలెట్లు వేసినా సరుకు జానెడుకు పైగా పైకి వస్తుంది. దానికి కొత్తగా పైసా ఖర్చు లేదు. పెట్టెలకు చేతిపట్టు రంధ్రాలు, ట్రాలీలకు పెద్ద చక్రాలు, చేతులు ఖాళీగా ఉంచే ఉంగరం స్కానర్లు, ప్యాకింగ్ బల్లల దగ్గర మెత్తటి మ్యాట్లు, షిఫ్టు మధ్యలో పికింగ్ నుంచి ప్యాకింగ్‌కు మార్పు. ఇవన్నీ ఒంటిని కాపాడుతూనే అడుగులను, సెకన్లను ఆదా చేస్తాయి.

మంచి ఎత్తున్న అరలు కొన్నే, సరుకులు వేలల్లో ఉంటాయని యాజమాన్యాలు అంటాయి. నిజమే. కానీ ఏ గోదాములోనైనా ఆర్డర్లలో అధిక భాగం కొద్దిపాటి సరుకులకే వస్తుంది. అన్నీ నడుము ఎత్తులో ఉండనక్కర్లేదు, ఆ కొన్ని ఉంటే చాలు. ఏవి ఎక్కువ పోతున్నాయో కంప్యూటర్ రోజూ చెబుతూనే ఉంది. ఆ సమాచారంతో పికర్ వేగాన్ని కొలవడమే తప్ప సరుకు చోటు మార్చాలన్న ఆలోచన రావడం లేదు.

ఇంకొందరు రోబోలు వస్తున్నాయి కదా, ఈ గొడవంతా తీరిపోతుందంటారు. అమెజాన్ 2012లో కివా అనే రోబోల సంస్థను 77.5 కోట్ల డాలర్లకు కొన్నది. పికర్ నడవనక్కర్లేకుండా అరలే అతని దగ్గరికి రావడం మొదలైంది. అయితే 2020లో రివీల్ అనే పరిశోధనాత్మక వార్తాసంస్థ అమెజాన్ అంతర్గత రికార్డులను బయటపెట్టింది. రోబోలున్న గోదాముల్లోనే తీవ్ర గాయాల రేటు ఎక్కువని వాటిలో తేలింది. నడక తగ్గింది, టార్గెట్ పెరిగింది. ఒకేచోట నిలబడి అవే వంపులు, అవే సాగదీతలు అంతకంతకూ ఎక్కువసార్లు చేయాల్సి వచ్చింది. మనిషి ఒంటిని లెక్కలోకి తీసుకోని యంత్రం ప్రమాదాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి నెడుతుందంతే.

మన అనుభవమే చాలా నేర్పగలదు. మార్కెట్ యార్డుల్లో ఒకప్పుడు హమాలీ వీపు మీదికి క్వింటాలు బస్తా ఎక్కేది. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బియ్యానికి ఇప్పుడు 50 కిలోల బస్తా మామూలైంది. వ్యాపారమేమీ ఆగిపోలేదు. క్వింటాలును ఒడుపుగా మోయడం నేర్పి హమాలీని కాపాడలేదు, బస్తానే తగ్గించారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు కూడా. బ్రిటన్‌లో సిమెంటు 25 కిలోల బస్తాల్లో వస్తుంటే, మన దగ్గర ఇప్పటికీ 50 కిలోలే.

టార్గెట్లను ముట్టుకోకుండా ర్యాకులు మాత్రం మారిస్తే సరిపోదు. 2024 ఎండాకాలంలో హర్యానాలోని మానేసర్‌లో ఒక ఈ-కామర్స్ గోదాములో పని పూర్తయ్యేదాకా మంచినీళ్లకు, మూత్రానికి వెళ్లబోమని కార్మికులతో ప్రతిజ్ఞ చేయించారన్న వార్తలు వచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. విరామాలను, మరుగుదొడ్డికి వెళ్లే సమయాన్ని హరించే టార్గెట్ చెల్లదని కాలిఫోర్నియా 2021లోనే చట్టం చేసింది. టార్గెట్ ఎంతో కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ చట్టం ఆదేశించింది. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయపరచగల బరువును ఎవరితోనూ మోయించకూడదని చెప్పేది. కానీ కిలోల అంకె ఒక్కటే చూసే తనిఖీకి, ఆ 14 కిలోల పెట్టె ఏ అరలో ఉందో, రోజుకు ఎన్నిసార్లు లేపాలో కనిపించదు. రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు గోదాములకు ప్రత్యేక నిబంధనలు తేవాలి. వాటిలో బరువుతో పాటు ఎత్తు, దూరం, ఎన్నిసార్లన్నది కూడా ఉండాలి.

గోదాము నడిపేవారు ఆ నిబంధనల కోసం ఎదురుచూడనక్కర్లేదు. రేపు షిఫ్టు మొదలయ్యే ముందు ఒక్కసారి అడుగు వరుసల వెంట నడవండి. ఎక్కువగా పోయే బరువైన సరుకు ఏదైనా అక్కడ కనిపిస్తే, ఆర్డర్లు తెరవకముందే దాన్ని నడుము ఎత్తుకు మార్చండి. ఏది ఎక్కడుంటే బాగుంటుందో పికర్లనే అడగండి. ఆ ర్యాకులను వాళ్లకంటే బాగా ఎరిగినవారు ఎవరూ లేరు. ఇంత చేశాక కూడా ఎవరికైనా నడుము పట్టేస్తే, అప్పుడు గోడ మీది పోస్టర్ సంగతి మాట్లాడుకుందాం.