చిన్న మడులు, షటిల్ గేరు: అశ్వశక్తితో పాటు చెప్పవలసిన మాట

శ్రీకాకుళం జిల్లాలో వంశధార పరీవాహక ప్రాంతమైన నరసన్నపేట పరిసరాలలో ఖరీఫ్ వరికి దమ్ము పట్టే వేళ, ట్రాక్టరు ఎంత వేగంగా ముందుకు పోగలదన్న దానితో పాటు, గట్టు దగ్గర ఎంత తేలికగా వెనుకకు మళ్ళగలదన్నది కూడా పని గంటలను నిర్ణయిస్తుంది. అయినప్పటికీ ట్రాక్టరు ఎంపికపై రైతుకు చెప్పే మాటలలో అశ్వశక్తి, డీజిల్ వినియోగం, రాయితీ మాత్రమే ప్రధానంగా వినిపిస్తాయి. గేరుపెట్టె ప్రస్తావన అరుదు. ఈ లోటును విస్తరణ శాస్త్రవేత్తలే పూరించాలి.

ఒక చిన్న లెక్కతో విషయం స్పష్టమవుతుంది. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల మడి సుమారు 25 సెంట్లు. మీటరున్నర వెడల్పు గల రోటవేటరుతో దానిని దున్నడానికి దాదాపు 17 సాళ్ళు, 16 మలుపులు అవసరం. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే సాళ్ళకు పట్టే కాలం సుమారు 816 సెకన్లు. గేరు మార్పిడిలో ప్రతి మలుపు వద్ద 10 సెకన్లు అదనంగా పోతాయనుకుంటే, ఆ నష్టం 160 సెకన్లు, అనగా పని కాలంలో దాదాపు ఐదో వంతు. అటువంటి నాలుగు మడులు కలిసిన ఎకరానికి అది పదిన్నర నిమిషాలకు పైమాటే. గంటల లెక్కన బాడుగ చెల్లించే చిన్న రైతుపై ఈ భారం నేరుగా పడుతుంది.

8 ముందు, 2 వెనుక గేర్లు గల సాధారణ ట్రాక్టరులో వెనుకకు రావాలంటే క్లచ్ నొక్కి, బండిని పూర్తిగా ఆపి, పని గేరును వదలి, వెనుక గేరును వెదకి వేయాలి. షటిల్ విధానంలో పని గేరు ఉన్నచోటనే ఉంటుంది. స్టీరింగు పక్కనుండే ప్రత్యేక లివరు దిశను మాత్రమే మారుస్తుంది. ఇంజను ఎప్పుడూ ఒకే దిశలో తిరుగుతుంది. శక్తి మార్గంలో మధ్యస్థ గేరు ఒకటి చేరినప్పుడు చక్రాల దిశ తిరగబడుతుంది. సింక్రోమెష్‌లోని శంకువు ఆకారపు ఒరిపిడి భాగం రెండు వైపుల వేగాలను సమం చేశాకే పళ్ళు కలుస్తాయి. అందుచేతనే 12 ముందు, 12 వెనుక గేర్ల అమరిక సాధ్యమవుతుంది. పొందూరు మగ్గంపై నాడె అటూ ఇటూ పరుగెత్తడాన్ని ఎరిగిన ఈ జిల్లా విద్యార్థికి షటిల్ అన్న పేరులోని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే రెండు రకాలను వేరుచేసి బోధించాలి. సింక్రో షటిల్‌లో క్లచ్ పెడలు నొక్కక తప్పదు; బండి నిలిచిన తరువాతనే దిశ మార్చాలి. పవర్ షటిల్‌లో ఆ పనిని నూనెలో మునిగి ఉండే క్లచ్ పలకలు ద్రవ పీడనంతో నిర్వహిస్తాయి. మొదటి దానిని రెండవ దానివలె వాడి, బండి కదులుతుండగానే లివరు లాగితే సింక్రో భాగాలు త్వరగా అరిగిపోతాయి. సీజను మధ్యలో గేరుపెట్టె విప్పవలసి వస్తే యజమానితో పాటు, నాట్లకు ఎదురుచూస్తున్న రైతులూ నష్టపోతారు.

అంతకంటె ముఖ్యమైనది భద్రత. జంట క్లచ్ గల ట్రాక్టరులో పెడలును సగం నొక్కినప్పుడు చక్రాలకు శక్తి ఆగినా, పి.టి.ఓ. షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. దిశ మార్చడం సులువైనకొద్దీ, రోటవేటరును పైకెత్తకుండా, పి.టి.ఓ. ఆపకుండా వెనుకకు వచ్చే అలవాటు పెరిగే ప్రమాదముంది. వెనుక నిలిచిన కూలీకి అది ప్రాణాపాయం. సౌకర్యాన్ని బోధించేవారు ఈ హెచ్చరికను కూడా అదే పాఠంలో చెప్పాలి.

షటిల్ గేరు అందరికీ అవసరమని ఈ వాదన సారాంశం కాదు. పెద్ద మడిలో ఇనుప చక్రాలతో చుట్టూ తిరుగుతూ దమ్ము చేసేవారికి, రహదారిపై ట్రాలీ లాగడమే ప్రధానమైనవారికి అదనపు ధర గిట్టుబాటు కాకపోవచ్చు. చిన్న మడులలో బాడుగకు తిరిగేవారికి, ముందు లోడరుతో పనిచేసేవారికి అది ప్రయోజనకరం. కనుక సలహా మడి కొలతలతో, పని స్వభావంతో మొదలుకావాలి. బుధ్ని సంస్థ వెలువరించే ట్రాక్టరు పరీక్షా నివేదికలను చదివి, గేర్ల వేగాలను రైతుకు విడమరచి చెప్పగల నేర్పును నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు అలవరచుకోవాలి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి వేదికలపై యజమానితో పాటు డ్రైవరుకూ శిక్షణ అందాలి. లివరు మీద ఉండేది అతని చెయ్యే గనుక, యంత్రం మన్నికా, పక్కవాని క్షేమమూ అతని అవగాహనపైనే ఆధారపడి ఉన్నాయి.