ధర ఒక్కటే చూసి యంత్రం కొనకండి

పరిశ్రమల శాఖ కమిషనర్ గారికి,

బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు నడుపుకుంటున్నాను. చిన్న పరిశ్రమలు ఉమ్మడిగా వాడుకునే కేంద్రాలకు ఫైవ్ యాక్సిస్ సీఎన్‌సీ కొనాలా, మెటల్ త్రీడీ ప్రింటర్ కొనాలా అన్నది ఒక్క ధరతో తేల్చవద్దని మనవి. చవకగా వచ్చిందని నేనూ ఒక సీఎన్‌సీ కొన్నాను. స్పిండిల్ పోతే విడిభాగం కోసం రెండు నెలలు షాపు మూసుకున్నాను.

1970లలో థామస్ శాటీ రూపొందించిన ఏహెచ్‌పీ పద్ధతి ఇందుకు పనికొస్తుంది. కచ్చితత్వం, సర్వీసు, కరెంటు ఖర్చు, ఆపరేటర్లు దొరకడం లాంటి వాటిని రెండేసి చొప్పున పోల్చి 1 నుంచి 9 దాకా అంకెలు వేసి, ఒక్కోదాని వెయిటేజీ తేలుస్తారు. మన పోలికల్లో పొంతన లేకపోతే లెక్కే పట్టిస్తుంది. పొంతన నిష్పత్తి 0.1 దాటిందా, పోలికలు మళ్ళీ చూసుకోవాల్సిందే. ఆ తర్వాత 1981లో హ్వాంగ్, యూన్ ప్రతిపాదించిన టాప్సిస్‌తో యంత్రాల వరస తేల్చవచ్చు. ఆదర్శానికి దగ్గరగా, అధమానికి దూరంగా ఉన్నదే అందులో పైకొస్తుంది.

మెలిక ఒకటుంది. వెయిటేజీ మారిస్తే గెలిచే యంత్రమూ మారవచ్చు (కావలసినవారికి కట్టబెట్టే దారీ అదే). అందుకే టెండర్లు పిలిచేటప్పుడే వెయిటేజీలు ప్రకటించండి. వాటిని ఖరారు చేసే కమిటీలో, రోజూ యంత్రం ముందు నిలబడే ఆపరేటర్ని కూడా కూర్చోబెట్టండి.

ఇట్లు,
బాలానగర్ చిన్న పరిశ్రమదారు