పెంటదిబ్బ చెబుతున్న సాక్ష్యం

“పేడలో కొత్త బాక్టీరియాను కనిపెట్టి, నోరు తిరగని పేరొకటి పెడితే మనకు ఒరిగేదేమిటి?” అని చదువుకున్నవారు సైతం ఎగతాళి చేస్తుంటారు. ఆ ఎగతాళికి మనం ప్రాణాలతో మూల్యం చెల్లించవలసి వస్తుందని వైద్యునిగా హెచ్చరిస్తున్నాను.

పందుల పెంట నిల్వచేసే గోతి నుండి అమెరికా శాస్త్రజ్ఞులు వేరుచేసిన ఒక బాక్టీరియా 2015లో లోకానికి పరిచయమైనది. తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడలేదు. అందుచేత కొత్త ప్రజాతినే ఏర్పరచి “సవేజియా ఫీసిసూయిస్” అని పేరుపెట్టారు. టెట్రాసైక్లిన్, టైలోసిన్ అనే రెండు మందులకూ అది లొంగదు.

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అది వెలువడినప్పుడు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవిని కొత్త జాతిగా గుర్తించి, పేరుపెట్టి, దాని నుండే ఆ మందును సాధించాడు. 1950లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు ఆ మందును మేతలో కలిపితే కోళ్లు, పందులు త్వరగా బరువెక్కుతాయని ప్రకటించారు. రోగం లేని జీవాలకూ మందు మేపే వ్యాపారం అట్లా మొదలైంది. మింగిన మందులో చాలా భాగం పేడలో, మూత్రంలో బయటపడుతుంది. అక్కడ బలహీనమైన బాక్టీరియా చచ్చిపోతుంది. తట్టుకున్నది పెరిగి, ఆ శక్తినిచ్చే జన్యువును పొరుగు జాతులకూ పంచుతుంది.

జాతి నిర్ణయం జోస్యం చెప్పడం కాదు. బాక్టీరియాను విడిగా పెంచుతారు. దాని 16ఎస్ జన్యువును తెలిసిన జాతులతో పోలుస్తారు. పోలిక సుమారు 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి కావచ్చునని అనుమానించి, పూర్తి జన్యుక్రమాన్నీ, జీవలక్షణాలనూ పరీక్షిస్తారు. బతికివున్న నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాలలో భద్రపరుస్తారు. రేపు ఒక రోగి రక్తంలో అదే జీవి కనిపిస్తే, దాని పుట్టిల్లు ఎక్కడో, ఏ మందు పనిచేయదో చెప్పగలిగేది ఆ నమోదే.

ఇక మన కృష్ణా డెల్టాను చూడండి. గేదెల కొట్టాలు కడిగిన నీరు కాలువలో కలుస్తుంది. కోళ్లపెంట చేపల చెరువులకు చేరుతుంది. చల్లపల్లిలో గానీ, మీ ఊరిలో గానీ పెంటదిబ్బలో ఏ జాతులున్నాయో, అవి ఏ మందులను ధిక్కరిస్తున్నాయో మనలో ఎవరైనా అడిగామా? “పేడలోనివన్నీ మంచి సూక్ష్మజీవులే” అని ధీమాగా చెప్పేవారిని ఒక్కటే అడుగుతాను: వాటి పేర్లేమిటి? పరీక్షించినదెవరు? ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటనై కూడా పేడలో ఉండేదే. బొడ్డుకు పేడ పూసి పసికందులను పోగొట్టుకున్న తల్లులను మా తరం వైద్యులు మరవలేరు.

మనుషులకు చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వం నిషేధించింది. ఒక్క నిషేధం చాలదు. జిల్లా ప్రయోగశాలలు మన పేడనూ, చెరువునీటినీ క్రమం తప్పక పరీక్షించాలి. ఆ ఫలితాలు ప్రజలకు తెలియాలి. పశువైద్యుని చీటీ లేనిదే యాంటీబయాటిక్ అమ్మరాదు.

మీ వంతు పని మీరూ చేయండి. జ్వరం వచ్చిన గేదెకు దుకాణదారు సలహాతో సూది వేయించకండి. దిబ్బను బావికీ, కాలువకూ దూరంగా ఉంచి, పేడను బాగా మగ్గనిచ్చిన తరువాతే పొలానికి తోలండి. పుండుకు పేడ పూయకండి. సుబ్బారావు వంటివారు జీవితం ధారపోసి ఇచ్చిన మందులను పెంటదిబ్బ పాలు చేసే హక్కు మనకెవరిచ్చారు?