కాలేయ వైరస్.. రక్తనాళాలకు ముప్పు
సకాలంలో గుర్తిస్తేనే ప్రాణరక్షణ.. టీకాతోనే అసలైన నివారణ

పచ్చకామెర్లు అనగానే పసరు మందు, పథ్యం గుర్తుకు రావడం పల్లెల్లో పరిపాటి. కళ్లలో పచ్చదనం పోతే జబ్బు నయమైనట్లేనన్నది చాలామంది నమ్మకం. కామెర్లకు హెపటైటిస్-బి వైరస్ కారణమైనప్పుడు మాత్రం కథ అంతటితో ముగియకపోవచ్చు. కొద్దిమందిలో కొన్ని నెలల తరువాత రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. ఈ వ్యాధిని పాలీ ఆర్టిరైటిస్ నోడోసా అంటారు. కామెర్లు ఏనాడూ కనిపించని వారికీ ఇది రావచ్చు. అరుదైన వ్యాధే అయినా, గుర్తించడంలో జాప్యం జరిగితే ప్రాణాంతకమవుతుంది.

రక్షణ వ్యవస్థే శత్రువుగా..

ఈ వ్యాధిని 1866లో జర్మనీ వైద్యులు కుస్‌మౌల్, మేయర్ తొలిసారి వర్ణించారు. హెపటైటిస్-బితో దీనికి గల సంబంధం 1970లో వెలుగుచూసింది. వైరస్‌ను ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు, వైరస్ పైపొరలోని మాంసకృత్తులతో కలసి ముద్దలుగా మారి ధమనుల గోడల్లో పేరుకుంటాయి. వాటిని తొలగించబోయిన తెల్ల రక్తకణాలు ధమని గోడనే గాయపరుస్తాయి. ఫలితంగా గోడ కొన్నిచోట్ల బుడగలా ఉబ్బుతుంది. మరికొన్నిచోట్ల నాళం పూడుకుపోయి అవయవాలకు రక్తం అందదు.

ఎన్నో ముఖాలు

ఏ అవయవానికి రక్తం తగ్గితే అక్కడ లక్షణం బయటపడుతుంది. విడవని జ్వరం, బరువు తగ్గడం, కండరాల నొప్పులతో వ్యాధి మొదలవుతుంది. నరాలకు రక్తం అందకపోతే పాదం పైకి లేవక వేలాడుతుంది. దీనిని పక్షవాతంగా పొరబడే అవకాశముంది. పేగులకు అందకపోతే భోజనం చేసిన తరువాత కడుపునొప్పి వస్తుంది. మూత్రపిండాల ధమనులు దెబ్బతింటే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పురుషులకు వృషణాల నొప్పి రావచ్చు. ఒకే రోగి నరాల వైద్యుడి వద్దకు, ఉదరకోశ వైద్యుడి వద్దకు, బీపీ మందుల కోసం మరొకరి వద్దకు తిరిగితే, వీటన్నిటి మూలం ఒక్కటేనన్న సంగతి ఎవరి దృష్టికీ రాకపోవచ్చు.

స్టెరాయిడ్లతో తస్మాత్ జాగ్రత్త

చికిత్సలో చిక్కు ఇక్కడే ఉంది. రక్తనాళాల వాపును తగ్గించేందుకు స్టెరాయిడ్లు అవసరమే. కానీ అవి రోగనిరోధక శక్తిని అణచివేయడంతో వైరస్ విజృంభిస్తుంది. అందుకే స్టెరాయిడ్లను కొద్దికాలమే ఇచ్చి, వైరస్‌ను అదుపుచేసే మందులను ప్రధానంగా వాడతారు. తీవ్రత ఎక్కువగా ఉంటే రక్తంలోని ప్లాస్మాను మార్చే చికిత్స చేస్తారు. అర్హత లేనివారు నొప్పులకని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు తాత్కాలిక ఉపశమనమిచ్చి అసలు జబ్బును మరుగుపరుస్తాయి. స్టెరాయిడ్లను దీర్ఘకాలం వాడవలసి వచ్చినప్పుడు ముందుగా హెపటైటిస్-బి రక్తపరీక్ష చేయించడం తప్పనిసరి.

టీకాయే కవచం

ఫ్రాన్స్ అనుభవం కళ్లెదుటే ఉంది. అక్కడ ఒకప్పుడు ఈ రక్తనాళ వ్యాధిగ్రస్తుల్లో మూడో వంతుకు పైగా హెపటైటిస్-బి బాధితులే. టీకాలు విస్తరించి, రక్తదానంలో పరీక్షలు పటిష్ఠమయ్యాక ఆ వాటా 5 శాతం లోపునకు పడిపోయింది. మన దేశంలో దేశీయ పరిజ్ఞానంతో ఈ టీకాను తొలిసారి 1997లో మార్కెట్‌లోకి తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. ఖరీదైన దిగుమతి టీకా స్థానంలో చౌక టీకా రావడంతో సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. 2002-03లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రభుత్వ టీకా కార్యక్రమం 2011-12 నాటికి దేశమంతటికీ విస్తరించింది.

అయినా వెలితి మిగిలే ఉంది. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఉండాలంటే పుట్టిన 24 గంటల్లోనే తొలి మోతాదు పడాలి. ఆ గడువు దాటితే రక్షణ సడలుతుంది. టీకా రాకముందు పుట్టిన పెద్దల్లో అత్యధికులకు ఆ కవచమే లేదు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారన్న సంగతి గ్రామాలకు చేరాలి. ప్రతి గర్భిణికీ పరీక్ష, ప్రతి శిశువుకూ తొలిరోజు టీకా, ప్రతి ఇంజక్షన్‌కూ కొత్త సిరంజి.. ఈ మూడింటినీ పకడ్బందీగా అమలుచేస్తే కాలేయంతోపాటు రక్తనాళాలకూ రక్ష కల్పించినట్లవుతుంది.